డిస్క్ మీద గట్లు

అచ్చు పని జరిగే ఏ వీధిలోకి వెళ్లినా ఇప్పటికీ ఒక పాత సిస్టమ్ కనిపిస్తుంది. మానిటర్ మార్చి ఉంటారు, కీబోర్డు మార్చి ఉంటారు. లోపల మాత్రం విండోస్ ఎక్స్‌పీ, పేజ్‌మేకర్, అను ఫాంట్లు. ఇరవై ఏళ్ల కిందట కంపోజ్ చేసిన పుస్తకాలు, శుభలేఖల నమూనాలు, జాతరల కరపత్రాలు అన్నీ అందులోనే. ఆ ఫైళ్లు కొత్త సిస్టమ్‌లో తెరిస్తే అక్షరాలు చెదురుతాయన్న భయంతో దాన్ని అలాగే నడుపుకొస్తుంటారు. ఒకరోజు డిస్క్ నిండిపోతుంది, లేదా టక్ టక్‌మని శబ్దం మొదలవుతుంది, లేదా విండోస్ లేవనంటుంది. చూడటానికి వచ్చిన మనిషి నోట మొదట వచ్చే మాట ఒకటే: ‘ఫార్మాట్ కొట్టేద్దాం సార్.’

ఈ మాటలో మూడు పనులు కలిసిపోయాయి. డిస్క్‌ను భాగాలుగా విడగొట్టడం ఒకటి. విడగొట్టిన భాగంలో ఏ ఫైలు ఎక్కడుందో రాసుకునే చిట్టా తయారు చేయడం ఇంకొకటి. అందులో విండోస్ ఎక్కించడం మూడోది. మొదటిది పార్టిషన్, రెండోది ఫార్మాట్. మూడోది చేయాల్సి వచ్చిన ప్రతిసారీ మొదటి రెండూ చేయక్కర్లేదు. నేను చూసిన డేటా నష్టాల్లో ఎక్కువ భాగం డిస్క్ చెడిపోయి జరిగినవి కావు. ఈ మూడింటినీ ఒకటిగా చూడటం వల్ల, ఏ భాగం మీద పని చేస్తున్నామో సరిచూసుకోకపోవడం వల్ల జరిగినవి.

పార్టిషన్ అంటే పొలానికి గట్లు వేయడం లాంటిది. గట్టు వేసినంత మాత్రాన మట్టి మారదు. ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఏ చెక్క అన్నది రికార్డుకెక్కుతుంది, అంతే. ఆ రికార్డు డిస్క్ మొదటి సెక్టార్‌లో ఉంటుంది. సెక్టార్ అంటే 512 బైట్లు. అందులో 446 బైట్లు సిస్టమ్‌ను లేపే చిన్న ప్రోగ్రామ్‌కి, చివరి 2 బైట్లు గుర్తుకి పోతాయి. మధ్యలో మిగిలిన 64 బైట్లే పంపకాల కాగితం. ఒక్కో చెక్కకు 16 బైట్ల చొప్పున అందులో నాలుగే పట్టేవి. అందుకే ప్రైమరీ పార్టిషన్లు నాలుగుకు మించవు. అంతకన్నా ఎక్కువ కావాలంటే ఒకదాన్ని ఎక్స్‌టెండెడ్‌గా పెట్టి, దాని లోపల లాజికల్ డ్రైవులు చేసుకోవాలి. 40 జీబీ డిస్క్ మీది మొత్తం డేటా ఎవరికి ఏ చెక్కగా కనిపించాలో ఆ 64 బైట్లే నిర్ణయిస్తాయి. అవి చెరిగితే డేటా అంతా ఉన్నచోటే ఉంటుంది, దారి మాత్రం తెలియదు.

ఇన్ని చెక్కలు ఎందుకు చేశారన్న ప్రశ్నకు జవాబు పాత పరిమితుల్లో ఉంది. 1983 మార్చిలో ఐబీఎం పీసీ ఎక్స్‌టీ 10 ఎంబీ హార్డ్ డిస్క్‌తో వచ్చింది. దానితో వచ్చిన డాస్ 2.0లోనే ఎఫ్‌డిస్క్ అనే పనిముట్టు కూడా వచ్చింది. 10 ఎంబీని పంచుకోవాల్సిన అవసరం సొంతదారుకు పెద్దగా లేదు. ఒకే డిస్క్ మీద రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఉంటే ఎవరి చోటు వాళ్లకు ఉండాలని అలా పెట్టారు. తర్వాత డిస్కులు పెరిగాయి, డాస్ లెక్క మాత్రం 32 ఎంబీ దగ్గర ఆగింది. 40 ఎంబీ డిస్క్ కొన్నవాడు దాన్ని విడగొట్టక తప్పలేదు. 1987లో డాస్ 3.3 ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ తెచ్చి ఆ విడగొట్టడానికి దారి చూపింది. మరుసటి ఏడాది డాస్ 4.0 ఆ 32 ఎంబీ గోడను తీసేసింది. ఆ తర్వాతి గోడ 2 జీబీ దగ్గర వచ్చింది. ఇలా పదిహేనేళ్లపాటు డిస్క్ ఒక గోడ దాటగానే ఇంకో గోడ ఎదురైంది. సి, డి, ఇ, ఎఫ్ అని నాలుగు డ్రైవులు చేసే అలవాటు అక్కడ పుట్టింది. గోడలు పోయాక కూడా అలవాటు మిగిలింది.

ఈ 2 జీబీ గోడ వెనక ఒక ముఖ్యమైన లెక్క ఉంది. పాత ఫ్యాట్16 పద్ధతిలో డిస్క్ చోటును క్లస్టర్లు అనే గళ్లుగా పంచుతారు. 16 బిట్ల సంఖ్యతో సుమారు 65,500 గళ్లను మాత్రమే లెక్కపెట్టగలం. చోటు పెరిగితే గళ్ల సంఖ్య పెరగదు, గడి సైజు పెరుగుతుంది. 256 ఎంబీ లోపు భాగానికి గడి 4 కేబీ, 512 ఎంబీకి 8 కేబీ, 1 జీబీకి 16 కేబీ, 2 జీబీకి 32 కేబీ. ఒక గడిలో ఒకే ఫైలు ఉండాలి. కాబట్టి నాలుగు లైన్ల ఉత్తరం టైపు చేసి దాచినా 32 కేబీ మింగేస్తుంది. సగటున ఒక్కో ఫైలుకు సగం గడి వృథా అనుకుంటే, 5,000 ఫైళ్లున్న డిస్క్‌లో 80,000 కేబీ, అంటే దాదాపు 78 ఎంబీ ఖాళీగా ఉండి కూడా పనికిరాదు. మొత్తం డిస్కే 2 జీబీ ఉన్న రోజుల్లో అది చిన్న నష్టం కాదు. అందుకే తెలిసినవాళ్లు 2 జీబీ డిస్క్‌ను కావాలనే నాలుగు ముక్కలు చేసేవారు. గడి 8 కేబీకి తగ్గేది, నష్టం నాలుగో వంతుకు దిగేది. ఆనాటికి అది సరైన నిర్ణయం.

1996లో విండోస్ 95 రెండో విడుదలతో ఫ్యాట్32 వచ్చి ఈ లెక్కను మార్చేసింది. 8 జీబీ దాకా గడి మళ్లీ 4 కేబీయే. చిన్న ముక్కలు చేసి చోటు మిగుల్చుకోవాల్సిన కారణం ఆ రోజుతో పోయింది. అయితే విండోస్ 98లో ఎఫ్‌డిస్క్ తెరవగానే పెద్ద డిస్కులకు మద్దతు కావాలా అని ఒక ప్రశ్న అడిగేది. ఎన్ నొక్కితే పాత ఫ్యాట్16 పద్ధతే, 2 జీబీ మించి ఒక భాగం కుదరదు. ఆ ప్రశ్న చదవకుండా ఎన్ కొట్టి, 10 జీబీ డిస్క్‌ను అయిదు డ్రైవులు చేసి ఇచ్చిన సిస్టమ్‌లు నేను చాలా చూశాను. కొన్నవాళ్లు అదే పద్ధతి కాబోలు అనుకున్నారు.

అసలు ఎన్ని భాగాలు చేయాలి? ఈ ప్రశ్న మీద రెండు పక్షాలున్నాయి. విండోస్‌ను సిలో, సొంత ఫైళ్లను డిలో పెట్టుకుంటే విండోస్ పాడైనప్పుడు సి ఒక్కటే ఫార్మాట్ చేసి మళ్లీ ఎక్కించుకోవచ్చని ఒకరంటారు. ఏడాదికోసారి విండోస్ 98 మళ్లీ ఎక్కించాల్సి వచ్చిన రోజుల్లో ఈ మాటకు చాలా బలం ఉండేది. ఎక్స్‌పీకి కూడా ఉంది. రెండో పక్షం వాళ్లు సి ఎప్పుడూ చాలదంటారు. 5 జీబీ సరిపోతుందని ఇచ్చిన సిలో ఎక్స్‌పీ, దాని అప్‌డేట్లు, ప్రోగ్రాములు చేరి మూడేళ్లలో నిండిపోతుంది. అవతల డిలో 30 జీబీ ఖాళీగా ఉన్నా ఉపయోగం లేదు. పైగా ఎక్స్‌పీలో సి భాగాన్ని ఉన్నపళంగా పెంచే వీలు లేదు. తగ్గించే సౌకర్యం తర్వాతి విండోస్ అయిన విస్టా దాకా రానేలేదు. అందుకే పార్టిషన్ మ్యాజిక్ లాంటి సాఫ్ట్‌వేర్‌కు అంత గిరాకీ వచ్చింది. ఇప్పుడు అదే పనిని లినక్స్ సీడీ నుంచి జీపార్టెడ్ ఉచితంగా చేస్తుంది.

నా మట్టుకు రెండు భాగాలే సరి. అయితే దాని వల్ల దొరికే రక్షణ ఎంతో కచ్చితంగా తెలుసుకోవాలి. డి డ్రైవ్ మీ ఫైళ్లను విండోస్ నుంచి కాపాడుతుంది, డిస్క్ నుంచి కాపాడదు. రెండు భాగాలూ ఉండేది ఒకే డిస్క్‌లో. డిస్క్ పోయిన రోజు సి, డి రెండూ కలిసే పోతాయి. సిలోని ఫోల్డర్‌ను డిలోకి కాపీ చేసి ‘బ్యాకప్ తీసుకున్నా’ అనుకునేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. వాళ్లు శ్రద్ధ తీసుకున్నారు, కానీ ఆ శ్రద్ధ అక్కరకు రాదు.

ఇక ఈ వ్యవహారంలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది డ్రైవ్ అక్షరం. దాన్ని నేను నేర్చుకున్న తీరు చెప్పాలి. మా బాబాయికి డీటీపీ సెంటర్ ఉండేది. విండోస్ 98, 10 జీబీ డిస్క్: సి 4 జీబీ, మిగిలింది లాజికల్ డ్రైవుగా డి. మూడేళ్ల కంపోజింగ్ అంతా డిలో. చోటు చాలక 40 జీబీ కొత్త డిస్క్ కొన్నాడు. ‘నువ్వొచ్చి పెట్టరా’ అన్నాడు. డిస్క్ బిగించి, ఎఫ్‌డిస్క్‌లో దాని మీద ఒక ప్రైమరీ పార్టిషన్ చేసి, సిస్టమ్ రీస్టార్ట్ చేశాను. సి, డి ఇదివరకే ఉన్నాయి గనక కొత్తది ఇ అవుతుందని లెక్క వేసుకున్నాను. ఇ ఫార్మాట్ చేయమని కొట్టాను. తీసేయడానికి వీల్లేని ఆ డిస్క్ మీది డేటా అంతా పోతుందని హెచ్చరిక వచ్చింది. కొత్త డిస్క్‌లో పోవడానికేముంది? వై నొక్కాను.

డాస్ అక్షరాలు పంచే తీరు వేరు. అన్ని డిస్కుల్లోని మొదటి ప్రైమరీలకు ముందుగా వరసగా అక్షరాలిచ్చి, లాజికల్ డ్రైవుల దగ్గరికి ఆ తర్వాతే వస్తుంది. కొత్త డిస్క్ ప్రైమరీ కాబట్టి అది డి అయి కూర్చుంది. బాబాయి డి కాస్తా ఇ అయింది. తెర మీద సంకేతాలు లేకపోలేదు. ఫార్మాట్ మొదలు కాగానే సైజు చూపిస్తుంది. దాదాపు 38,000 ఎంబీ కనిపించాల్సిన చోట 5,700 చిల్లర కనిపించింది. అదీగాక, కొత్త డిస్క్ అయితే ఫార్మాట్ చేస్తున్నట్టు చెబుతుంది. ఇక్కడ ముందున్న ఫార్మాట్‌ను పరిశీలిస్తున్నట్టు రాసింది. నేను శాతం ఎంత పెరిగిందో చూస్తూ కూర్చున్నాను.

కొత్త డిస్క్ మీద ప్రైమరీ లేకుండా ఎక్స్‌టెండెడ్, దానిలో లాజికల్ మాత్రమే చేసి ఉంటే పాత అక్షరాలు కదిలేవి కావు. ఆ సంగతి నాకు వారం తర్వాత తెలిసింది. ఎక్స్‌పీ ఏ భాగానికి ఏ అక్షరమో రిజిస్ట్రీలో గుర్తుపెట్టుకుంటుంది గనక ఈ జారుడు దానిలో తక్కువ. కానీ ఆ గుర్తు ఆ విండోస్‌కే పరిమితం. బూట్ ఫ్లాపీతో లేపితే మళ్లీ డాస్ లెక్కే. విండోస్ 98 ఫ్లాపీ తన సొంతానికి 2 ఎంబీ ర్యామ్ డ్రైవ్ ఒకటి చేసుకుని సీడీ డ్రైవ్‌ను ఒక అక్షరం వెనక్కి జరుపుతుంది. ఎక్స్‌పీ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో చేసిన భాగాలు దానికి కనిపించనే కనిపించవు, వాటి అక్షరాలు తర్వాతి వాటికి వెళ్లిపోతాయి. అక్షరం డిస్క్ మీద ఎక్కడా రాసి ఉండదు. లేచిన ప్రతిసారీ లేపినవాడు పెట్టే పేరది.

బాబాయి ఫైళ్లలో కొంత భాగం తిరిగి వచ్చింది. ఎందుకు వచ్చిందో తెలిస్తే ఫార్మాట్ అంటే ఏమిటో తెలుస్తుంది. విండోస్ 98లోనూ ఎక్స్‌పీలోనూ హార్డ్ డిస్క్‌ను ఫార్మాట్ చేస్తే ఫైళ్ల చిట్టా, మొదటి వరస ఫోల్డర్ల జాబితా చెరిగిపోతాయి. ఫైళ్ల లోపలి సరుకు ఉన్నచోటే ఉంటుంది. క్విక్ ఫార్మాట్ చిట్టా చెరిపి ఊరుకుంటుంది. పూర్తి ఫార్మాట్ అదనంగా డిస్క్ అంతా చదివి చెడిపోయిన సెక్టార్లను గుర్తిస్తుంది. గంట పట్టేది అందుకే, చెరపడానికి కాదు. డిస్క్ అంతా సున్నాలు రాసే పద్ధతి విస్టాతో మొదలైంది. మేము డేటా తీసే సాఫ్ట్‌వేర్‌తో వెతికినప్పుడు పై ఫోల్డర్లన్నీ పేర్లు లేకుండా అంకెలతో వచ్చాయి. వాటి లోపలి ఫైళ్లు మాత్రం పేర్లతో సహా వచ్చాయి, ఎందుకంటే లోపలి జాబితాలు డేటా ప్రాంతంలోనే ఉంటాయి. ఒకేచోట వరసగా ఉన్న ఫైళ్లు తెరుచుకున్నాయి. ముక్కలై అక్కడక్కడా పడి ఉన్నవి, పదేపదే దిద్ది సేవ్ చేసిన పెద్ద పుస్తకాలు, తెరుచుకోలేదు. ముక్కల వరస రాసి ఉన్న చిట్టాయే కదా పోయింది. ప్రమాదం తెలిసిన క్షణం నుంచి ఆ డిస్క్ మీద ఏమీ రాయకుండా ఉండటం ఒక్కటే మేము సరిగ్గా చేసిన పని.

ఇదే సంగతికి రెండో వైపు ఉంది. పాత సిస్టమ్ అమ్మేటప్పుడు ఫార్మాట్ కొట్టి ఇస్తే చాలనుకుంటారు. కొన్నవాడు కావాలనుకుంటే జనం స్కాన్ చేయించుకున్న గుర్తింపు కార్డులు, ఫొటోలు, దస్తావేజులు అన్నీ పైకి తీయగలడు. జిరాక్స్ సెంటర్లు, నెట్ సెంటర్లు నడిపేవాళ్లు ఈ విషయంలో ఊరి జనానికి జవాబుదారులు. డిస్క్ మొత్తం మీద ఒక్కసారి సున్నాలు రాస్తే చాలు. డీబాన్ లాంటి సీడీతో లేపి రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి అయిపోతుంది.

‘సిస్టమ్ స్లోగా ఉంది, వైరస్ ఉంది, ఫార్మాట్ కొట్టండి’ అన్న వైద్యం మీద కూడా ఒక మాట. ఫార్మాట్ పనిచేసేది పార్టిషన్ లోపలే. మొదటి సెక్టార్‌లో కాపురం పెట్టిన వైరస్‌ను అది తాకదు. విండోస్ మళ్లీ ఎక్కించాక వైరస్ మళ్లీ పలకరిస్తుంది. ఆ సెక్టార్‌ను బాగుచేసే స్విచ్ ఎఫ్‌డిస్క్‌లోనే ఉండేది. అయితే అది కూడా కళ్లు మూసుకుని వాడేది కాదు. మంకీ అనే వైరస్ పార్టిషన్ పట్టికను మార్చి వేరేచోట దాచుకునేది. వైరస్‌ను అలా తుడిచేస్తే పట్టిక కూడా దానితో పోయేది. ఇక డిస్క్ టక్ టక్‌మంటుంటే ఫార్మాట్ అన్న ఆలోచనే తప్పు. డిస్క్ అంతా ఒకసారి చదవడమంటే ఆయాసపడుతున్న మనిషిని మెట్లెక్కించడమే. ముందు డీడీరెస్క్యూ అనే పనిముట్టుతో మొత్తం డిస్క్‌కు నకలు తీసుకుని, ఏం చేసినా ఆ నకలు మీద చేయాలి.

పాత సిస్టమ్‌కు కొత్త పెద్ద డిస్క్ తగిలించేవాళ్లకు ఎదురయ్యే గోడలు ఇంకొన్ని ఉన్నాయి. కొన్ని బయోస్‌లు 32 జీబీ దాటిన డిస్క్ చూస్తే అక్కడే బిగుసుకుపోతాయి. డిస్క్ వెనక జంపర్ మార్చి దాని సైజు తక్కువగా చూపించాలి. విండోస్ 98తో వచ్చిన ఎఫ్‌డిస్క్ 64 జీబీ దాటితే మొదటికొచ్చి లెక్కపెడుతుంది. 80 జీబీ డిస్క్ పెడితే 10,000 ఎంబీ పైచిలుకు చూపిస్తుంది. ఇవి ముందే బయటపడతాయి గనక ప్రమాదం తక్కువ. 137 జీబీ గోడ అలాంటిది కాదు. 28 బిట్ల చిరునామాతో అంతకు మించి చేరుకోలేం. విండోస్ 98 గానీ, సర్వీస్ ప్యాక్ 1 లేని ఎక్స్‌పీ గానీ 160 జీబీ డిస్క్ మీద నెలల తరబడి బాగానే నడిచినట్టు ఉండవచ్చు. నిండుతూ నిండుతూ హద్దు దాటిన రోజు, చిరునామా చుట్టు తిరిగి డిస్క్ మొదట్లోకి వచ్చి రాస్తుంది. చిట్టా ఉండేది అక్కడే. కాబట్టి పాత ఎక్స్‌పీ సీడీతో పెద్ద డిస్క్ మీద పని మొదలుపెట్టవద్దు. కనీసం సర్వీస్ ప్యాక్ 1, దొరికితే సర్వీస్ ప్యాక్ 3 కలిపిన సీడీ వాడాలి.

కొత్త రకం డిస్కులకు, ఎస్ఎస్‌డీలకు ఇంకో చిక్కు. ఎక్స్‌పీ మొదటి పార్టిషన్‌ను 63వ సెక్టార్ నుంచి మొదలుపెడుతుంది. లోపల 4 కేబీ గళ్లున్న డిస్క్ మీద ఒక గడికి ఎనిమిది సెక్టార్లు, 63 అన్నది ఎనిమిదితో భాగించబడదు. అందువల్ల విండోస్ రాసే ప్రతి గడీ డిస్క్‌లోని రెండు గళ్ల మీద విడిపోయి పడుతుంది, ఒక రాతకు రెండు రాతలవుతాయి. పార్టిషన్‌ను జీపార్టెడ్‌తో ముందే 1 ఎంబీ హద్దు నుంచి చేసుకుని, ఎక్స్‌పీని అందులో ఎక్కించుకుంటే ఈ బాధ ఉండదు. ఇలా చేసిన డిస్క్ మీద తర్వాత ఎక్స్‌పీ డిస్క్ మేనేజ్‌మెంట్‌తో గట్లు మార్చవద్దు. కొత్త పద్ధతిలో చేసిన లాజికల్ డ్రైవులను అది పట్టికలోంచి పోగొట్టిన సందర్భాలున్నాయి. ఒక డిస్క్‌కు ఒకే పనిముట్టు.

ఎక్స్‌పీకి ఫ్యాట్32 వద్దు, ఎన్‌టీఎఫ్‌ఎస్ మేలు. 4 జీబీ దాటిన ఫైలు ఫ్యాట్32లో పట్టదు, కరెంటు పోయినప్పుడు చిట్టా చెడిపోయే అవకాశమూ దానిలోనే ఎక్కువ. మన కరెంటు సంగతి తెలిసినవాళ్లకు ఈ రెండో కారణం ఒక్కటీ చాలు. ఉన్న ఫ్యాట్32 భాగాన్ని ఫైళ్లు పోకుండా మార్చుకునే కన్వర్ట్ కమాండ్ ఎక్స్‌పీలోనే ఉంది. వెనక్కి మార్చే కమాండ్ లేదు.

80 జీబీ డిస్క్‌తో ఒక డీటీపీ సెంటర్‌కు సిస్టమ్ సిద్ధం చేయమంటే నేను చేసేది ఇది: సికి 25 జీబీ, మిగిలిందంతా డి, రెండూ ఎన్‌టీఎఫ్‌ఎస్. డికి నకలు పట్టే ఇంకో డిస్క్ విడిగా, వారానికోసారి తగిలించి, కాపీ అవ్వగానే కేబుల్ తీసి బీరువాలో. విండోస్ మళ్లీ ఎక్కించాల్సి వచ్చిన రోజు డి వేరే డిస్క్ మీద ఉంటే దాని కేబుల్ కూడా ఊడదీశాకే పని మొదలుపెడతాను. తగిలించి లేని డిస్క్‌ను ఏ అక్షరమూ ఫార్మాట్ చేయలేదు.

ఇంకొకటి, లేబుల్. ప్రతి భాగానికీ 11 అక్షరాల పేరు పెట్టుకునే వీలు డాస్ రోజుల నుంచీ ఉంది. ఇది డిస్క్ మీదే రాసి ఉంటుంది. డి ఇ అయినా, ఇ ఎఫ్ అయినా పేరు మారదు. ఎఫ్‌డిస్క్‌లో ఒక భాగాన్ని తీసేయబోతే ముందు దాని లేబుల్ టైపు చేయమంటుంది, తప్పు కొడితే ముందుకు పోనివ్వదు. లేబుల్ లేని భాగానికి మాత్రం ఊరికే ఎంటర్ నొక్కితే సరిపోతుంది.  బాబాయి డి డ్రైవ్‌కు ఆ మూడేళ్లలో ఎవరూ పేరు పెట్టలేదు. పోయిన పుస్తకాలను మళ్లీ కంపోజ్ చేసుకుంటూ, మిగిలిన వాటిని కొత్త డిస్క్‌లోకి మార్చిన రోజున ఆయనే కీబోర్డు దగ్గర కూర్చుని దానికి ‘పుస్తకాలు’ అని ఇంగ్లీషు అక్షరాల్లో లేబుల్ కొట్టాడు.